నట్లు బిగించినవాళ్ల యుద్ధం

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా ఉద్దానం మీద పడింది. శ్రీకాకుళం నుంచి నేను ఊరు చేరేసరికి మూడో రోజు. రోడ్డుకు అడ్డంగా కొబ్బరిచెట్లు, పక్కన వేళ్లతో సహా లేచిపోయిన జీడిచెట్లు. పలాస దాటాక బండి వదిలేసి నడవాల్సి వచ్చింది. పెదనాన్న ఇంటికి వెళ్తే పైన సగం పెంకులు లేవు. ఆయన మాత్రం అరుగు మీద గొంతుక్కూర్చుని ఒక ట్రంకు పెట్టెను వంచి నీళ్లు పారబోస్తున్నారు.

నల్ల ఇనప పెట్టె అది. మూత మీద తెల్ల పెయింటుతో ఆయన సర్వీసు నంబరు, ర్యాంకు, పేరు. 1977లో పదిహేనేళ్ల సర్వీసు ముగించుకుని ఎయిర్‌ఫోర్స్ నుంచి వచ్చేటప్పుడు రైల్లో వెంట తెచ్చుకున్న పెట్టె. చిన్నప్పుడు దాని మీద కూర్చుంటే కేకలేసేవారు. ఆ రోజు అందులోంచి ఒక్కొక్కటీ తీసి అరుగు మీద పరుస్తున్నారు. జేబురుమాలులో మూటకట్టిన మెడల్స్. డిశ్చార్జి బుక్కు. ఒకదానికొకటి అంటుకుపోయి అట్టలా మారిన ఫోటోలు. నాడాతో కట్టిన ఇన్‌లాండ్ ఉత్తరాల కట్ట. ఎప్పుడు ఎక్కడికి పోస్టింగ్ అయిందో సొంత చేత్తో రాసుకున్న చిన్న నోటుబుక్కు. ఫౌంటెన్ పెన్నుతో రాసింది కదా, సిరా అంతా కరిగి పేజీలు లేత నీలం రంగుకు తిరిగాయి. అక్షరం ఒక్కటీ మిగల్లేదు.

"పొడిగుడ్డ తెస్తాను, ఉండండి" అన్నాను.

"ఎవులికి కావాలి బావూ ఇయ్యన్నీ? పెన్షన్ కాగితాలు పొడిగున్నాయి. అయ్యి సాలు" అన్నారు.

ఆరేడేళ్లుగా ఆ మాట నాతోనే తిరుగుతోంది. ఆయన తప్పేమీ లేదు అందులో. మన ఇళ్లలో ఏ కాగితం బతకాలో, ఏది పోవాలో నిర్ణయించేది అవసరమే. పీపీవో, అంటే పెన్షన్ ఆర్డరు, ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉంటుంది, ఎందుకంటే రేపు పెద్దమ్మకు ఫ్యామిలీ పెన్షన్ రావాలంటే అది కావాలి. ఇరవై రెండేళ్ల కుర్రాడు యుద్ధం మధ్యలో ఇంటికి రాసిన ఉత్తరానికి ఏ ఆఫీసులోనూ పని లేదు. అందుకే అది ట్రంకు అడుగున ఉంటుంది, నీళ్లు ముందు దాన్నే ముంచుతాయి. పెన్షన్ ఇచ్చే కాగితాల్ని ఎంత శ్రద్ధగా దాస్తామో ఈ రెండో రకం కాగితాల్నీ అంత శ్రద్ధగా దాయాలి. మనుషులు బతికుండగానే వాళ్ల మాటల్ని రికార్డు చేయాలి. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ పని ఇళ్లలోనే మొదలవ్వాలి. బయటివాళ్లెవరో వచ్చి చేసిపెడతారని ఎదురుచూసే వ్యవధి లేదు.

ఎందుకు లేదో లెక్క వేసి చూడండి. 1965 పాకిస్తాన్ యుద్ధంలో ఇరవై ఏళ్ల కుర్రాడికి ఇప్పుడు ఎనభై దాటాయి. 1971లో ఇరవై ఏళ్లవాడికి డెబ్బై అయిదు దగ్గర. అంతకు ముందు తరం ఇప్పటికే వెళ్లిపోయింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఆ రోజు భయంతో పట్నం వదిలి ఊళ్ల మీద పడ్డవాళ్ల కథలు మా చిన్నప్పుడు ప్రతి అరుగు మీదా వినపడేవి. ఆ అరుగుల మీద కూర్చుని చెప్పినవాళ్లలో ఒక్కరైనా ఈ రోజు ఉన్నారా? ఒక్కరి గొంతునైనా మనం పట్టి ఉంచుకున్నామా? వాళ్ల విషయంలో చేయలేనిది కనీసం 65, 71 వాళ్ల విషయంలోనైనా చేయొద్దా?

పెదనాన్న ఇంజిన్ ఫిట్టర్. పైలట్ కాదు. 1962లో, పంతొమ్మిదో ఏట చేరారు. తాంబరంలో ట్రైనింగ్ అయ్యాక కాన్‌బెర్రా బాంబర్ల మీద వేశారు. 65 యుద్ధం వచ్చేనాటికి కలైకుండలో ఎల్ఏసీ, అంటే లీడింగ్ ఎయిర్‌క్రాఫ్ట్స్‌మన్, కింది ర్యాంకుల్లో ఒకటి. కలైకుండ అంటే బెంగాల్లో ఖరగ్‌పూర్ పక్కన ఉన్న ఎయిర్‌ఫోర్స్ స్టేషన్. మన ఆమదాలవలస మీదుగా పోయే హౌరా లైనే ఖరగ్‌పూర్‌కీ పోతుంది. సెలవు దొరికితే రైలెక్కి ఒక్క రాత్రిలో ఇంటికి వచ్చేయొచ్చు. అందుకే ఆ పోస్టింగ్ అంటే ఆయనకు ప్రాణం.

నేను మొదటిసారి ఫోన్ పట్టుకుని "మీ యుద్ధం అనుభవాలు చెప్పండి" అంటే ఆయన నవ్వేశారు. "నానేటి యుద్ధం సేసినాన్రా? నట్లు బిగించినాను. యుద్ధం సేసినోలు పైకెల్లినారు."

ఈ మాట ఎంతమంది నోట విన్నానో చెప్పలేను. ఆ తర్వాత టెక్కలి వైపు, చీపురుపల్లి వైపు, బొబ్బిలి పక్క ఊళ్లలో రిటైరైన ఎయిర్‌ఫోర్స్ వాళ్లను కలిసినప్పుడల్లా ఇదే. మాదేముంది సార్, మేం గ్రౌండ్ వాళ్లం, అంటారు. మన జిల్లాల నుంచి ఎయిర్‌ఫోర్స్‌లోకి వెళ్లినవాళ్లలో నేను కలిసినవాళ్లు దాదాపు అందరూ గ్రౌండ్ వాళ్లే. ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్లు, ఇంజిన్ ఫిట్టర్లు, బాంబులు, తుపాకులు చూసే ఆర్మమెంట్ వాళ్లు, రేడియో వాళ్లు, డ్రైవర్లు, వంటవాళ్లు. పైలట్‌కు లాగ్‌బుక్కు ఉంటుంది. ఏ రోజు ఏ విమానం మీద ఎన్ని గంటలు ఎగిరిందీ అందులో ఉంటుంది. స్క్వాడ్రన్‌కు ఆపరేషన్స్ రికార్డు బుక్కు ఉంటుంది. ఎప్పుడైనా చరిత్ర రాయాలంటే ఇవి చేతికి అందుతాయి. ఫిట్టర్ పేరు ఎక్కడుంటుంది? విమానం ఎగిరే ముందు దాని సర్వీసింగ్ రికార్డు ఫారం 700లో, బాగానే ఉంది అని పెట్టిన ఒక సంతకం. అంతే. ఆ సంతకం పెట్టినవాడి ఊరేదో, రాత్రి నిద్రపోయాడో లేదో ఏ పుస్తకంలోనూ ఉండదు. ఉండేది అతని బుర్రలోనే. కాబట్టి మా పెదనాన్నలాంటివాళ్ల జ్ఞాపకం ఎక్కడో ఉన్న రికార్డుకు నకలు కాదు. ఉన్న ఒకే ఒక్క ప్రతి అది.

యుద్ధం సంగతి అడగడం మానేసి పని సంగతి అడిగాను. "కాన్‌బెర్రా స్టార్ట్ చేయడం ఎలా?" అన్నాను. అంతే, మనిషి మారిపోయారు. 2019 సంక్రాంతికి, కళ్లం పక్కన నులకమంచం మీద కూర్చుని చెప్పారు. నా ఫోన్లో ఆ రికార్డింగ్ 41 నిమిషాలు.

కాన్‌బెర్రాకు రెండు ఇంజిన్లు. తుపాకి తూటా పెద్దదైతే ఎలా ఉంటుందో అలాంటి కార్‌ట్రిడ్జ్ పెట్టి పేలిస్తే ఇంజిన్ తిరగడం మొదలవుతుంది. ఢామ్మని శబ్దం, నల్లటి పొగ. "దీపావళి మర్నాడు వీధి ఎలగ కంపు కొడతాదో అదే కంపు. నా బట్టలకి ఎప్పుడూ అదే" అన్నారు. ఒక్కోసారి కార్‌ట్రిడ్జ్ పేలదు. అప్పుడు వెంటనే చెయ్యి పెట్టకూడదు, ఆగాలి. ఎంతసేపు ఆగాలో రూలు ఉంటుంది, కానీ లోపల కూర్చున్న పైలట్ చెయ్యి ఊపుతుంటే ఆ ఆగడమే కష్టం అన్నారు. ఇరవై రెండేళ్ల వయసులో తను నేర్చుకున్న అసలు పని అదేనట, ఆగడం.

తర్వాత లాకింగ్ వైరు గురించి. ఇంజిన్ అదురుకు నట్లు వదులైపోకుండా వాటి తలల్లోని బెజ్జాల్లోంచి సన్నటి తీగ దూర్చి మెలేస్తారు. ఎటు మెలేయాలన్నదే కిటుకు. నట్టు వదులవడానికి తిరగబోతే తీగ బిగుసుకోవాలి. మాటల్లో నాకు అర్థం కాలేదు. ఆయన లేచి జీడితోట కంచె దగ్గర పడివున్న తీగముక్క తెచ్చి, నులకమంచం కోడుకు చుట్టి చూపించారు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. వేళ్లు వంకర తిరిగిపోయాయి, గోళ్లు పసుపెక్కాయి, కానీ తీగ చేతికి తగలగానే వాటికి వణుకు పోయింది. మెలికలు ఒక్కటి ఎక్కువ కాదు, ఒక్కటి తక్కువ కాదు, అన్నీ ఒకే దూరంలో. నలభై ఏళ్లు దాటింది ఆయన ఆ పని వదిలి. ఆ తీగ ఇప్పటికీ ఆ మంచానికే ఉంది, ఎవరినీ విప్పనివ్వలేదు నేను.

అప్పుడు, నేను అడగకుండానే, 1965 సెప్టెంబరు 7 వచ్చింది.

ఆ రోజు పొద్దున్న అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని ఢాకా వైపు నుంచి పాకిస్తాన్ సేబర్ విమానాలు వచ్చి కలైకుండ మీద దాడి చేశాయి. నేల మీద నిలిపి ఉన్న కాన్‌బెర్రాలు, వాంపైర్లు తగలబడ్డాయి. అదే పూట రెండోసారి కూడా వచ్చాయి. ఈసారి మన హంటర్ విమానాలు గాల్లో ఎదురుకున్నాయి. ఫ్లయిట్ లెఫ్టినెంట్ ఆల్‌ఫ్రెడ్ కుక్ ఆ పోరాటానికి వీర చక్ర అందుకున్నారు. ఇదంతా చరిత్రలో ఉంది. పెదనాన్న చెప్పింది వేరే. బాంబుల నుంచి దాక్కునే ట్రెంచిలో, అంటే కందకంలో, మోకాలి లోతు వాన నీళ్లు ఉన్నాయన్నారు. పక్కన పడుకున్నవాడు పంజాబీ, తను తెలుగు, ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారట. ఎవరు ముందు పట్టుకున్నారో గుర్తు లేదట. బయటికొచ్చాక తను రాత్రంతా పని చేసిన విమానం మంటల్లో ఉంది. "నా టూల్‌బాక్స్ దాని కిందే ఉండిపోనాది" అన్నారు. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. రికార్డింగులో కోళ్ల అరుపు వినిపిస్తుంది. ఇంకో విమానం రెడీ చేయాలి కదా అని వేరేవాడి పనిముట్లు అడిగి తీసుకున్నారట. రెండో దాడి జరిగేటప్పటికి తను ట్రెంచిలో లేరు, ఇంజిన్ కవర్ విప్పి పనిలో ఉన్నారు.

నట్లు బిగించాను అన్న మనిషి ఈయన.

అదే సెప్టెంబరు 7న దేశానికి ఆ చివర ఇంకోటి జరిగింది. మన మిస్టేర్ విమానాలు పాకిస్తాన్‌లోని సర్గోధా మీద దాడికి వెళ్లాయి. వాటిలో ఒకటి తిరిగి రాలేదు. దాన్ని నడిపిన స్క్వాడ్రన్ లీడర్ ఏ.బి. దేవయ్య గల్లంతయ్యాడని రాసుకున్నారు, అంతటితో ఆగిపోయింది. 1979లో ఒక బ్రిటిష్ రచయిత, పాకిస్తాన్ వైపు వివరాలతో రాసిన పుస్తకంలో అసలు సంగతి బయటపడింది. తనను వెంటాడిన స్టార్‌ఫైటర్ విమానాన్ని, తన దానికంటే ఎంతో వేగమైన దాన్ని, దేవయ్య కూల్చేశాడని. 1988లో ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. ఇరవై మూడేళ్లు! అవతలి పక్షంవాళ్లు గుర్తుపెట్టుకుని చెప్పకపోతే ఈ రోజుకీ ఆయన గల్లంతైనవాళ్ల లిస్టులోనే ఉండేవాడు. రికార్డు లేకపోతే ఏమవుతుంది అని అడిగేవాళ్లకు నేను ఈ సంగతే చెబుతాను. స్క్వాడ్రన్ లీడర్ విషయంలోనే అలా జరిగితే, మన ఊళ్ల కార్పొరల్ సంగతి ఏమిటి?

జ్ఞాపకాన్ని నమ్మడం ఎలా, ముసలివాళ్లు కలిపి చెబుతారు, తేదీలు తారుమారు చేస్తారు అని ఒక స్నేహితుడు నాతో వాదించాడు. నిజమే, చేస్తారు. అందుకే కాగితాలు కావాలంటున్నాను. 1971 యుద్ధంలో కూడా తను కలైకుండలోనే ఉన్నానని పెదనాన్న చివరిదాకా అనేవారు. ఆయనతో పనిచేసిన ఆర్మమెంట్ ఫిట్టర్ ఒకాయన సోంపేట దగ్గర ఉన్నారు. కాదు, అప్పటికి డిటాచ్‌మెంట్ మీద, అంటే తాత్కాలిక డ్యూటీకి, వేరే స్టేషన్‌కు పంపేశారు అంటారాయన. మెడల్స్‌లో పూర్వీ స్టార్ ఉంది కాబట్టి యుద్ధానికి తూర్పు వైపే ఉన్నారన్నది ఖాయం. పడమర అయితే పశ్చిమీ స్టార్ వచ్చేది. కానీ తూర్పులో ఎక్కడ? దానికి జవాబు ఆ నోటుబుక్కులో ఒక్క లైను. ఆ లైను తిత్లీ నీళ్లలో కలిసిపోయింది. జ్ఞాపకం తప్పు చెబితే కాగితం దిద్దుతుంది. కాగితంలో లేనిది, ఆ ట్రెంచి నీళ్లు, ఆ పంజాబీ కుర్రాడి చెయ్యి, జ్ఞాపకం చెబుతుంది. రెండిట్లో ఏది పోయినా రెండోది సగం గుడ్డిదైపోతుంది.

ఇంకో అడ్డంకి భయం. ఇవన్నీ సీక్రెట్లు, బయటికి చెప్పకూడదు అని ఇప్పటికీ గొంతు తగ్గించేవాళ్లున్నారు. వాళ్ల క్రమశిక్షణకు దండం పెట్టాలి. కానీ 2021 జూన్‌లో రక్షణ శాఖే ఒక విధానం ప్రకటించింది. మామూలుగా రికార్డుల్ని పాతికేళ్లకు బహిరంగం చేయాలని, అంతకంటే పాతవాటిని నిపుణులు పరిశీలించాక నేషనల్ ఆర్కైవ్స్‌కు అప్పగించాలని, యుద్ధం ముగిసిన అయిదేళ్లలో దాని చరిత్ర తయారు కావాలని అందులో ఉంది. 1965కు అరవై ఏళ్లు. కాన్‌బెర్రాలు కూడా 2007లోనే సర్వీసు నుంచి వెళ్లిపోయాయి. ట్రెంచిలో నీళ్లున్నాయని చెబితే దేశానికి వచ్చే నష్టం ఏమీ లేదు. ఎవరైనా వద్దన్న విషయం ఉంటే వదిలేయండి, బలవంతం చేయకండి. మిగతాది చాలా ఉంది.

పెద్దమ్మల్ని మర్చిపోకండి. మా పెద్దమ్మకు చదువు రాదు. 1971 డిసెంబరులో ఉత్తరాల మీద ఊరి పేరు ఉండేది కాదు, 99 ఏపీవో అనే సైనిక పోస్టాఫీసు నంబరు మాత్రమే. మనిషి ఎక్కడున్నాడో ఇంట్లోవాళ్లకు తెలియకూడదు కదా. పోస్టుమ్యాన్ అరుగు మీద కూర్చుని పైకి చదివేవాడు, పేటంతా చేరి వినేవాళ్లు. తన కోసం ఏదైనా రాశాడేమోనని ఆమె తలుపు వెనక నిలబడేదట. "అందరి ముందల సదివితే ఏటి రాస్తారు? అందుకే ఏమీ రాసీవోరు కాదు" అంది. ఆ యుద్ధంలో ఆమె భాగం అది. ఏ శాఖ ఫైల్లోనూ దొరకదు.

చేతనైనంతలో నేను నేర్చుకున్నవి కొన్ని చెబుతాను. దయచేసి లామినేషన్ చేయించకండి. మనవాళ్లకు పాత కాగితం కనబడగానే జిరాక్సు షాపుకు తీసుకెళ్లి ప్లాస్టిక్ వేయించేస్తేనే మనశ్శాంతి. ఆ వేడి, ఆ జిగురు కాగితంలోకి దిగిపోతాయి, మళ్లీ తీయడం కుదరదు. తడిసినవాటిని మండే ఎండలో పెట్టకండి. నీడలో, గాలి తగిలేచోట, మధ్య మధ్యలో తెల్లకాగితాలు పెట్టి మారుస్తూ ఆరబెట్టాలి. న్యూస్‌పేపర్ వద్దు, దాని సిరా అంటుతుంది. నేను ఆ రోజు న్యూస్‌పేపరే పెట్టాను. రెండు ఉత్తరాల మీద ఇప్పటికీ ఎవరిదో పెళ్లి ప్రకటన అచ్చు తిరగేసి కనిపిస్తుంది. ఫ్రేము అద్దానికి అంటుకుపోయిన ఫోటోను పీకకండి, అద్దంతో సహా ఫోటో తీయండి. ఫోటో వెనక పేర్లు పెన్సిలుతో నెమ్మదిగా రాయండి. పెద్దాయన ఉండగానే రాయించండి. వరసగా నిలబడ్డ పన్నెండు మంది కుర్రాళ్ల గ్రూప్ ఫోటో ఉంది మా దగ్గర. పెదనాన్న తప్ప పదకొండు మందీ ఎవరో ఇక ఎవరూ చెప్పలేరు. తుప్పు పట్టే గుండుసూదులు, పిన్నులు తీసేయండి. ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకండి, స్కాన్ ఇవ్వండి. డిశ్చార్జి బుక్కు లేకపోతే రేపు పెన్షన్ పనుల్లో ఇబ్బంది.

రికార్డు చేసేటప్పుడు మొదట్లోనే తేదీ, ఊరు, మాట్లాడేది ఎవరో పైకి చెప్పండి. వాట్సాప్‌లో పంపేసి భద్రమనుకోకండి, అసలు ఫైలు కనీసం మూడు చోట్ల ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, వాళ్ల మాటలోనే వదిలేయండి. పెదనాన్న నాతో మన శ్రీకాకుళం యాసలో మాట్లాడుతూ మాట్లాడుతూ, పని సంగతి రాగానే స్నాగ్, హ్యాంగర్, లైన్ అంటూ హిందీ, ఇంగ్లీషు కలిపేసేవారు. దాన్ని శుభ్రమైన పత్రికల తెలుగులోకి మార్చి రాస్తే మనిషి పోతాడు. "ఉండిపోనాది" అన్నది ఉండిపోయింది కాదు.

పంద్రాగస్టుకు, రిపబ్లిక్ డేకు వీళ్లను పిలిచి శాలువా కప్పి ఫోటో తీసుకుంటున్నాం. మంచిదే. ఆ వేదిక మీద మైకు వాళ్ల చేతికి ఇచ్చేది మాత్రం రెండు నిమిషాలు. ఒకసారి ఒక సభలో పెదనాన్నను "ముగించండి" అని చీటీ పంపారు. అప్పటికి ఆయన తన ర్యాంకు, స్టేషన్ పేరు మాత్రమే చెప్పారు. ఆయనేమీ అనలేదు, కూర్చున్నారు. నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది.

విశాఖ బీచ్‌లో టీయూ-142 అనే నేవీ నిఘా విమానాన్ని మ్యూజియంగా నిలబెట్టారు, పిల్లలు లోపలికి ఎక్కి చూస్తున్నారు. ఎంతో మంచి పని. అలాంటి విమానాల్ని గాల్లో నిలబెట్టిన చేతుల కోసం మన రెండు జిల్లాల్లోనూ ఒక్కో గది కావాలి. పెద్ద భవనం అక్కర్లేదు. జిల్లా గ్రంథాలయంలో ఒక మూల, ఒక స్కానర్, ఒక హార్డ్ డిస్క్, వారానికి ఒక పూట కూర్చునే మనిషి. విజయనగరం పక్కన కోరుకొండలో 1962 నుంచి సైనిక్ స్కూలు ఉంది. పెదనాన్న ఎయిర్‌ఫోర్స్‌లో చేరిన సంవత్సరమే అది. అలాంటి బడుల పిల్లలు సెలవులకు ఇళ్లకు వెళ్లేటప్పుడు ఒక్కొక్కరూ ఒక్క పెద్దాయన దగ్గర గంటసేపు కూర్చుని రికార్డు చేసుకొస్తే, ఒక్క వేసవిలో ఎంత పోగవుతుంది! అమెరికాలో 2000 సంవత్సరంలో ఏకంగా చట్టం చేసి, మాజీ సైనికుల మాటల్ని తమ జాతీయ గ్రంథాలయంలో దాచడం మొదలుపెట్టారు. వాటిలో చాలావరకు మామూలు జనం, బడిపిల్లలు రికార్డు చేసి పంపినవే. మనకు చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు.

పెదనాన్న 2020లో పోయారు. ఇంకో 41 నిమిషాలు ఎందుకు తీసుకోలేదని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. వచ్చే పండక్కి చూద్దాం అనుకున్నాను.

ఆ ఇన్‌లాండ్ ఉత్తరాల్లో తొమ్మిదింటిని విడదీయగలిగాను. ఒకదాని మీద 1971 డిసెంబరు ముద్ర ఉంది. ఊరి పేరు లేదు, ఫీల్డ్ పోస్టాఫీసు నంబరు మాత్రమే. భూతద్దం పెడితే రెండు అంకెలు తెలుస్తున్నాయి, మూడోదాని మీద మరక. ఏ నంబరు ఏ చోటిదో సైనిక తపాలా ముద్రలు సేకరించేవాళ్లు చెప్పగలరు. విశాఖలో అలాంటి ఒకాయనకు ఫోటో పంపాను.

ఈలోగా నిన్న సోంపేట నుంచి ఫోన్ వచ్చింది. ఆర్మమెంట్ ఫిట్టర్ గారి కోడలు. "మావయ్య గారు రెండు రోజుల నుంచి ఒకటే పోరు, అటక మీది ట్రంకు దింపమని. దింపించాం. తాళం కనపడక పగలగొట్టాం. ఆదివారం పొద్దున్న ఏడింటికల్లా వచ్చేయండి. ఎండ ఎక్కితే ఆయన నిద్రపోతారు" అంది.

తెల్లకాగితాలు ఒక కట్ట కొని సంచిలో పెట్టుకున్నాను.